తాతయ్య జీపు, కొత్త థార్: ఇందులో ‘ఒరిజినల్’ ఏది?

ఈసారి తెనాలిలో మన రూమ్‌లో కూర్చుని కాదు, కొల్లిపర దారిలో ఉన్న మా ఊరి నుంచి మాట్లాడుతున్నాను. నా వెనకాల టార్పాలిన్ కప్పుకుని ఉంది చూశారా, అది మా తాతయ్య జీపు. తాతయ్య పోయి పదకొండేళ్లయింది. అప్పట్నుంచీ ఇది ఈ కొట్టంలోనే ఉంది. టైర్లలో గాలి లేదు. సీటు కింద ఎలుకలు కాపురం పెట్టాయి. బ్యాటరీని ఎప్పుడో ఎవరో పట్టుకుపోయారు.

ఈ ఎండాకాలం కొట్టం పడగొట్టాలి. అందుకని జీపు సంగతి తేల్చాల్సి వచ్చింది. ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి.

నాది మొదటి పార్టీ. దీన్ని నట్టు నట్టుగా విప్పి, కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా చేయాలి. దాని మీద ఒక సిరీస్ కూడా చేసుకోవచ్చని లోపల ఆశ, అబద్ధం ఎందుకు. బాబాయ్‌ది రెండో పార్టీ. “పెద్ద టైర్లు, ఎల్ఈడీ లైట్లు, లోపల పెద్ద స్క్రీను పెట్టిద్దాం రా, ఆదివారం సూర్యలంక బీచ్‌కి వేసుకెళ్తే అందరూ థార్ వదిలేసి దీన్నే చూస్తారు” అంటాడు. మూడో పార్టీ మా నాన్న. ఆయన మాట ఒక్కటే: “పాత ఇనుముకి అమ్మేయండి. తెనాలిలో ఇనప సామాన్లతో విగ్రహాలు చేస్తారుగా, వాళ్లకిచ్చినా సరే. ఏ దేవుడి చెయ్యో కాలో అవుతుంది.”

నవ్వొచ్చింది కదా? నాక్కూడా అప్పుడు నవ్వొచ్చింది. కానీ నాన్న అలా ఎందుకన్నాడో తర్వాత చెప్తాను.

ఇదే గొడవ మీ అందరి ఫోన్లలో కూడా నడుస్తోంది. థార్ రాక్స్ మీద ఏ వీడియో చూసినా కింద రెండు జట్లు. “ఇది జీపు కాదు బ్రో, షోరూమ్ బొమ్మ. అసలు జీపు అంటే పాతదే” అని ఒక జట్టు. “ఆ పాత డబ్బాలో మీ అమ్మని కూర్చోబెట్టి విజయవాడ తీసుకెళ్లు చూద్దాం” అని ఇంకో జట్టు. రెండు జట్లూ ‘అసలు జీపు’ అనేదొకటి ఎక్కడో ఉందని నమ్ముతున్నాయి. అది ఎక్కడుందో వెతుకుదామని నేను మొదటి నుంచీ మొదలుపెట్టాను.

సరే, 1940కి వెళ్దాం. యూరప్‌లో యుద్ధం నడుస్తోంది. అమెరికా సైన్యానికి చిన్నగా, తేలిగ్గా, నాలుగు చక్రాలూ తిరిగే బండి కావాలి. ఆ జులైలో 135 కంపెనీలకి ఉత్తరాలు పంపారు. షరతు ఏంటంటే, 49 రోజుల్లో నమూనా బండి తెచ్చి చూపించాలి. బరువు 1,300 పౌండ్లు దాటకూడదు, అంటే దాదాపు 590 కిలోలు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన వాళ్లకి ఇలాంటి క్లయింట్ బాగా తెలుసు. చేతిలో టైమ్ ఉండదు, అడిగింది సాధ్యం కాదు, అయినా అందరూ సరే అనాలి.

సరే అన్నది బాంటమ్ అనే చిన్న కంపెనీ. అప్పటికే మునిగిపోయే స్థితిలో ఉంది. కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజినీర్ కూర్చుని డ్రాయింగులు గీశాడు. సెప్టెంబర్ 23న, గడువు ముగియడానికి అరగంట ముందు, బండి సైన్యం గేటు దగ్గరికి చేరింది. బరువు మాత్రం అడిగినదాని కంటే చాలా ఎక్కువ. చివరికి సైన్యమే తన లెక్క మార్చుకుంది.

తర్వాత జరిగింది బాంటమ్‌కి అన్యాయమే. ఆ డ్రాయింగుల్ని సైన్యం విల్లీస్‌కీ, ఫోర్డ్‌కీ కూడా ఇచ్చింది. విల్లీస్ దగ్గర 60 గుర్రాల బలమైన ఇంజిన్ ఉంది. పెద్ద ఆర్డర్ వాళ్లకి వెళ్లింది. అదే డిజైన్‌తో ఫోర్డ్ కూడా తయారు చేసింది. యుద్ధం అయిపోయేసరికి రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా బండ్లు చేశాయి. మనం జీపు ముఖం అనుకునే ఆ ఇనప రేకు గ్రిల్ కూడా ఫోర్డ్ ఖర్చు తగ్గించడానికి చేసిన మార్పే. సైన్యం బండికి అందులో తొమ్మిది గాట్లు. తర్వాత మామూలు జనానికి అమ్మిన బండికి ఏడు.

అంటే పుట్టిన రెండేళ్లలోపే ఒకరు గీసింది, ఇంకొకరు ఇంజిన్ పెట్టింది, మూడోవాళ్లు ముఖం మార్చింది. ఇందులో ఒరిజినల్ ఏది?

యుద్ధం ముగిసే టైమ్‌కి విల్లీస్‌కి కొత్త భయం పట్టుకుంది. సైన్యం కొనడం ఆపేస్తే ఈ బండి ఎవరికి అమ్మాలి? రైతుకి అమ్మాలనుకున్నారు. ముందు చేసిన కొన్ని నమూనా బండ్ల మీద ‘అగ్రిజీప్’ అని పలకలు కూడా బిగించారు. 1945 జులైలో సీజే-2ఏ అనే మోడల్ బయటికి వచ్చింది. వెనక తలుపు పెట్టారు, దీపాలు పెద్దవి చేశారు, బరువు లాగడానికి గేర్లు మార్చారు. కావాలంటే ఇంజిన్ శక్తిని బయటికి తీసుకుని యంత్రాలు తిప్పుకునే ఏర్పాటు కూడా ఇచ్చారు. ఇప్పుడు మన ట్రాక్టర్లకి వెనక ఉండే పీటీవో లాంటిది అన్నమాట. అదే 1945 జులైలో ఇక్కడ మన బాపట్లలో వ్యవసాయ కాలేజీ మొదలైంది. ఆ రెండింటికీ సంబంధం ఏమీ లేదు. కానీ కాలం ఎలాంటిదో అర్థమవుతుంది. యుద్ధం అయిపోతోంది, ఇక తిండి పండించాలి అని అందరూ ఆలోచిస్తున్న కాలం.

ఇక్కడ ఒకటి గమనించండి. మనం ‘పని చేసే జీపు’ అని గర్వంగా చెప్పుకునేది కూడా ఒక మోడర్నైజేషనే. సైన్యం బండిని రైతు బండిగా మార్చారు. అప్పుడు ఫోన్లు ఉండి ఉంటే ఎవరో ఒక సైనికుడు “తుపాకీ పెట్టుకునే చోట నాగలి కట్టారు, జీపు పరువు తీశారు” అని రాసి ఉండేవాడు!

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1945 అక్టోబర్ 2న మహీంద్రా అండ్ మహమ్మద్ అనే కంపెనీ పెట్టారు. మొదట్లో ఉక్కు వ్యాపారం. భాగస్వామి మాలిక్ గులాం మహమ్మద్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్‌కి మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. 1948లో ఇక్కడి కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. 1940ల చివర్లో విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. తర్వాత మెల్లగా భాగాలు ఇక్కడే తయారయ్యాయి.

అక్టోబర్ 2 అన్న తేదీ గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

1952 అక్టోబర్ 2న కేంద్ర ప్రభుత్వం సమాజ వికాస పథకం మొదలుపెట్టింది. ఊళ్లని బ్లాకులుగా కలిపి, ఒక్కో బ్లాకుకి ఒక అధికారిని పెట్టారు. ఆయనే బీడీవో. ఆయన ఊళ్లు తిరగాలంటే జీపు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1959 నవంబర్ 1న పంచాయతీ సమితులు వచ్చాయి. అక్కడి నుంచి మన ఊళ్లలో దానికి పేరు స్థిరపడింది: ‘సమితి జీపు’. మీ నాయనమ్మని, అమ్మమ్మని అడగండి. సమితి జీపు అనగానే వాళ్లకి దుమ్ము గుర్తొస్తుంది. ఎరువులు, విత్తనాల గురించి చెప్పేవాళ్లు అందులోనే వచ్చేవాళ్లు. టీకాలు, కుటుంబ నియంత్రణ వాళ్లూ అందులోనే. ఎన్నికలొస్తే మైకు కట్టుకుని వచ్చేది కూడా జీపే.

1977 నవంబర్ 19 ఉప్పెన సంగతి మన వైపు చెప్పక్కర్లేదు. దివిసీమ, రేపల్లె, బాపట్ల వైపు ఊళ్లకి ఊళ్లు కొట్టుకుపోయాయి. అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయారు. మా నాయనమ్మ పుట్టిల్లు రేపల్లె దాటాక. ఆమె చెప్పేది: “మూడో రోజు జీపు శబ్దం వినపడింది. ఎవరొచ్చారో, ఏం తెచ్చారో చూడలేదు. శబ్దం వినపడగానే ఏడుపొచ్చింది, మనం ఉన్నామని ఎవరికో తెలిసిందని.” ఆ శబ్దం ఇంజిన్ పాతదా కొత్తదా అని అప్పుడు ఎవరూ అడిగి ఉండరు.

1980ల మధ్యలో సమితులు పోయి మండలాలు వచ్చాయి. పాత సమితి జీపులు వేలానికి వచ్చాయి. 1988లో అలాంటి వేలంపాటలోనే మా తాతయ్య ఈ జీపు కొన్నాడు. ఇది సీజే-3బీ రకం. బానెట్ ఎత్తుగా, నుదురు పెద్దదిగా ఉంటుంది. ఆ ఎత్తుకి కారణం అందం కాదు. విల్లీస్ వాళ్లు 1953లో కొత్త హరికేన్ ఇంజిన్ పెట్టారు. అది పాతదాని కంటే పొడుగు, పాత బానెట్ కింద పట్టలేదు. అందుకని బానెట్ పైకి లేపేశారు. అంతే. అమెరికాలో ఈ మోడల్ 1968లో ఆగిపోయింది. మన దగ్గర మాత్రం ఆ ముఖం దశాబ్దాల పాటు రోడ్ల మీద తిరుగుతూనే ఉంది. మన తరానికి జీపు అంటే కళ్ల ముందుకొచ్చే బొమ్మ అదే.

ఇక నా ‘ఒరిజినల్’ ప్రాజెక్టు సంగతి. తెనాలిలో జీపు పని తెలిసిన పెద్ద మేస్త్రిగారు ఒకరున్నారు. డెబ్బై దాటాయి. ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాను. టార్పాలిన్ తీసి, బానెట్ ఎత్తి, టార్చి వేసి చూసి ఒకే ప్రశ్న అడిగారు.

“ఆర్సీ ఉందా బాబూ?”

తెచ్చిచ్చాను. అందులో ఇంధనం అని ఉన్నచోట పెట్రోల్ అన్న మాట కొట్టేసి, డీజిల్ అని రాసి, ఆఫీసు స్టాంపు వేసి ఉంది. ఇన్నేళ్లలో నేను ఆ కాగితం ఒక్కసారి కూడా చదవలేదు.

మేస్త్రిగారు నవ్వారు. “నువ్వు ఒరిజినల్ అంటున్న ఇంజిన్ మేటడోర్ వ్యానుది. పెట్రోల్ ఇంజిన్ ఉంటే మీ తాత దీన్ని ఆర్నెల్లు కూడా మేపలేడు. బెజవాడ ఆటోనగర్‌లో మార్పించి ఉంటాడు. ఈ బానెట్ చేత్తో కొట్టింది, సుత్తి గుర్తులు చూడు. వెనక చాసిస్‌కి అతుకు వేసి మూరెడు పొడుగు చేశారు, జనం పట్టడానికి. గేరుబాక్సు, ముందు హౌజింగు మటుకే జీపువి.”

నేను అలా నిలబడిపోయాను. లెగసీ కోడ్ మీద పనిచేసిన వాళ్లకి ఈ ఫీలింగ్ తెలుస్తుంది. ఇరవై ఏళ్ల పాత సాఫ్ట్‌వేర్ తెరిచి, మొదట రాసినవాడు ఎవడో చూద్దామంటే, ప్రతి లైనూ ఎవరో ఒకరు ఏదో ఒక అవసరానికి మార్చిందే ఉంటుంది. మొదటివాడు రాసింది మిగలదు. కానీ సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది.

ఆటోనగర్ గురించి తెలియని వాళ్లకి రెండు మాటలు. విజయవాడ ఆటోనగర్ 1960ల్లో మొదలైంది. లారీ బాడీలు కట్టడం, లేత్ పని, కమాన్ కట్టలు, టింకరింగ్, పెయింటు, అన్నీ ఒకేచోట. జీపుల్ని పెట్రోల్ నుంచి డీజిల్‌కి మార్చడం అప్పట్లో అక్కడ మామూలు పని. ఆ రోజుల్లో కంపెనీ కూడా అదే దారిలో వెళ్లింది. 1980ల్లో వచ్చిన ఎంఎం 540లో ప్యూజో లైసెన్సుతో చేసిన డీజిల్ ఇంజిన్ పెట్టారు. పైన ఫ్యాక్టరీ మారుస్తోంది, కింద ఆటోనగర్ మేస్త్రి మారుస్తున్నాడు. ఇద్దరి కారణమూ ఒకటే: డీజిల్ ఖర్చు తక్కువ.

ఆ మార్చిన జీపు మా ఇంటికి ఇరవై ఆరేళ్లు పనిచేసింది. కృష్ణ లంకల్లో ఇసుకలోకి దిగి అరటి గెలలు తెచ్చింది. పసుపు బస్తాలు వేసుకుని దుగ్గిరాల యార్డుకి వెళ్లింది. మన రేగడి నేలలో వాన పడితే తెలుసుగా, చెప్పు నేలకి అతుక్కుని కాలు మాత్రం పైకి వస్తుంది. అలాంటి రోజు ఊళ్లో ఎవరికైనా నొప్పులొస్తే మా గేటే కొట్టేవాళ్లు. చిన్నప్పుడు నేను మడ్‌గార్డ్ మీద కూర్చుని పొలం వెళ్లేవాణ్ని.

ఇప్పటిదాకా చెప్పిందంతా బాగుంది. ఇక నాన్న సంగతి.

1996లో, నేను పుట్టకముందు, నాన్న ఈ జీపులో కూలీలని ఎక్కించుకుని కాలవ కట్ట మీద వస్తున్నాడు. వెనక ఎదురెదురు బల్లల మీద పధ్నాలుగు మంది ఆడవాళ్లు. వాన పడి ఆగింది. కట్ట అంచు జారింది. బండి మెల్లగా పక్కకి ఒరిగి, కాలవ వైపు పడిపోయింది. అదృష్టం, కాలవలో నీళ్లు లేవు. ఎవరి ప్రాణమూ పోలేదు. ఒకామెకి భుజం విరిగింది. నాన్న ఎడం చెయ్యి బండి కింద పడింది. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా చాపలేడు. అన్నం కంచం పట్టుకునేటప్పుడు చూస్తే తెలుస్తుంది.

బెల్టులు లేవు, తల మీద ఇనప కమ్మీ లేదు, వెనక కూర్చున్నవాళ్లకి పట్టుకోవడానికి కూడా ఏమీ లేదు. ఆ వెనక మూరెడు అతుకు వల్ల బరువంతా వెనక్కి పోయింది కూడా. మేస్త్రిగారు ఈ మాట చెప్పినప్పుడు నాన్న గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు. లోపలికి రాలేదు.

అందుకే “పాత జీపే అసలు జీపు, సేఫ్టీ గీఫ్టీ అంటూ పాడుచేశారు” అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోలేను. పని అని మనం ముద్దుగా పిలుచుకునేదానిలో ఎవరి భుజమో, ఎవరి చెయ్యో ఉంది.

ఇప్పుడు థార్ చూద్దాం. 2010లో మొదటి థార్ వచ్చింది. ఒక రకం చవగ్గా, పాత డీఐ ఇంజిన్‌తో. ఇంకో రకం ఏసీతో, కొత్త కామన్ రైల్ ఇంజిన్‌తో. వెనక మాత్రం ఎదురెదురు బల్లలే. 2019లో ‘థార్ 700’ అని చివరి ఏడు వందల బండ్లు అమ్మి ఆ తరం ముగించారు. 2020 ఆగస్టు 15న కొత్త థార్ చూపించారు, అక్టోబర్ 2న అమ్మకానికి పెట్టారు. చెప్పాను కదా, ఆ తేదీ మళ్లీ వస్తుందని. కంపెనీ పుట్టి సరిగ్గా 75 ఏళ్లు.

ఈ కొత్తదానిలో గట్టి పైకప్పు వచ్చింది, ఆటోమేటిక్ గేరు వచ్చింది, టచ్ స్క్రీన్ వచ్చింది. వెనక సీట్లు ముందుకి తిరిగాయి. మొదట్లో చవక రకంలో పక్కకి తిరిగిన బల్లలు కూడా పెట్టారు కానీ, కొన్ని నెలల్లోపే ఆ రకం తీసేశారు. ఆ నవంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో నాలుగు స్టార్లు వచ్చాయి. 2024 ఆగస్టులో ఐదు తలుపుల రాక్స్ వచ్చింది, భారత్ ఎన్‌క్యాప్‌లో దానికి ఐదు స్టార్లు. మా నాన్న చెయ్యి చూసినవాడిగా చెప్తున్నాను, ఆ స్టార్లని నేను తక్కువ చేయను.

కానీ ఇంకో వైపు కూడా ఉంది. 2023 జనవరిలో వెనక చక్రాలు మాత్రమే తిరిగే థార్ వచ్చింది. ధర తగ్గింది, జనం ఎగబడి కొన్నారు. అంటే నాలుగు చక్రాలూ తిరగని జీపు! 1940లో సైన్యం ఉత్తరం రాసిందే ఆ నాలుగు చక్రాల కోసం. రాక్స్‌లో కూడా పెట్రోల్ తీసుకుంటే ఫోర్ బై ఫోర్ రాదు, డీజిల్‌లో కొన్ని రకాలకే.

ఇది మోసమా? నాకలా అనిపించదు. థార్ కొంటున్న మనలో ఎక్కువమంది పొలంలోకి దిగం. దిగాల్సిన పనికి వేరే బండ్లు వచ్చేశాయి. లంకలోకి ట్రాక్టర్ వెళ్తోంది. యార్డుకి పసుపు టాటా ఏస్‌లోనో, బొలెరో పికప్‌లోనో వెళ్తోంది. నొప్పులొస్తే 108కి ఫోన్ చేస్తున్నాం. విచిత్రం ఏంటంటే, థార్ నాసిక్‌లో తయారవుతుంది. అదే కంపెనీ ట్రాక్టర్లు, జీతో లాంటి చిన్న సరుకు బండ్లు మన తెలుగు నేల మీద జహీరాబాద్‌లో తయారవుతాయి. జీపు ముఖం ఒక చోటికి వెళ్లింది, జీపు పని ఇంకో చోటికి వెళ్లింది.

ఇంతకంటే విచిత్రం ఇంకోటి. 2018లో మహీంద్రా అమెరికాలో ‘రాక్సర్’ అనే బండి పెట్టింది. ఇనప బాడీ, మామూలు డీజిల్ ఇంజిన్, స్క్రీనూ గీనూ లేని పని బండి. రోడ్డు మీదకి కాదు, పొలాలకీ అడవులకీ. మన దగ్గర “ఇలాంటిది కావాలి” అని అందరూ ఏడుస్తుంటే, దాన్ని అమెరికాలో అమ్మారు. అక్కడ జీప్ బ్రాండ్ యజమానులు కేసు వేశారు, మా బండి రూపాన్ని కాపీ కొట్టారని. 2020లో అక్కడి ట్రేడ్ కమిషన్ అవునంది. మహీంద్రా ముఖం మార్చి మళ్లీ తెచ్చింది. పనికొచ్చే బండి రూపం కూడా ఎవరో ఒకరి ఆస్తే అని అప్పుడు తెలిసింది.

ప్రపంచంలో మిగతావాళ్లు కూడా ఈ ప్రశ్న ఎదుర్కొన్నారు. బ్రిటన్ ల్యాండ్ రోవర్ వాళ్లు 1948 నుంచి వచ్చిన వరసని 2016 జనవరిలో ఆపేసి, 2019లో పూర్తిగా కొత్త డిఫెండర్ తెచ్చారు. లోపల లగ్జరీ కారే. టయోటా ఇంకో దారి పట్టింది. 1984లో వచ్చిన ల్యాండ్ క్రూజర్ 70 సిరీస్‌ని ఆస్ట్రేలియా గనులకీ పొలాలకీ ఇంకా అమ్ముతూనే ఉంది. అవసరమైన సేఫ్టీ చేరుస్తూ, బండి స్వభావం మాత్రం ఉంచుతూ. కాబట్టి రెండు దారులూ ఉన్నాయి.

మరి నిజంగా మనం పోగొట్టుకున్నదేంటి? కొట్టంలో మేస్త్రిగారి పక్కన కూర్చున్నప్పుడు నాకు ఒకటి తట్టింది.

నా ఫ్రెండ్ ఒకడు కొత్త ఎస్‌యూవీ కొన్నాడు. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. రేపల్లె దగ్గర స్క్రీన్ మీద ఎర్ర లైటు వెలిగి, బండి వేగం దానంతటదే తగ్గిపోయింది. బానెట్ ఎత్తితే పైన ప్లాస్టిక్ మూత. పక్క ఊళ్లో మెకానిక్ వచ్చి చూసి, “ల్యాప్‌టాప్ పెట్టాలన్నా, మా దగ్గర లేదు” అని వెళ్లిపోయాడు. సెన్సార్ ఒకటి పోయింది, అంతే. దాని కోసం బండిని లారీ ఎక్కించి గుంటూరు పంపాల్సి వచ్చింది. మీ ఫోన్‌కి బ్యాటరీ మార్చుకోవడానికి వీల్లేకుండా జిగురు పెట్టి అతికించినట్టే ఇది కూడా.

మా తాతయ్య జీపులో ఏ ఒక్క భాగమూ పవిత్రం కాదు. ఇంజిన్ మారింది, బానెట్ మారింది, పొడుగు మారింది. అందులో కొన్ని మార్పులు తెలివైనవి. ఆ మూరెడు అతుకు మాత్రం తప్పు. కానీ మార్చే హక్కు, మార్చే వీలు ఆ బండితో పనిచేసేవాళ్ల చేతిలో ఉండేవి. జీపు వేరు నాకు అక్కడ కనిపించింది. గ్రిల్‌లో ఏడు గాట్లున్నా తొమ్మిదున్నా, పైకప్పు గుడ్డదైనా ఇనపదైనా పర్వాలేదు. తెనాలిలో ఒక మేస్త్రి బానెట్ ఎత్తి చూస్తే అతనికి అర్థం కావాలి. సేఫ్టీ కోసం ఆ తలుపు మూసేయక్కర్లేదు. ఎయిర్ బ్యాగు ఉన్నంత మాత్రాన తప్పు కోడ్ చదివే పరికరం, మాన్యువల్, విడిభాగం బయట మెకానిక్‌కి దొరక్కూడదని ఏ ఇంజినీరింగ్ సూత్రమూ చెప్పదు. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ ‘రైట్ టు రిపేర్’ మీద కమిటీ వేసి పోర్టల్ పెట్టినప్పుడు, ఫోన్లు, వ్యవసాయ పరికరాలతో పాటు వాహనాల్ని కూడా అందులో చేర్చింది. కొత్త థార్ మీద పోట్లాడాలంటే అద్దాల రంగు గురించి కాకుండా దీని గురించి పోట్లాడదాం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇంట్లో ఎవరికి వాళ్లు బండి మార్చేసుకోవచ్చని నేను చెప్పట్లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. తాతయ్య ఆర్సీలో ఆ స్టాంపు ఉంది కాబట్టే ఆయన మార్పుకి విలువ.

చివరికి మా జీపు సంగతి. మేస్త్రిగారు చెప్పారు, ఇంజిన్ బతికే ఉందని. నేను నా ‘ఒరిజినల్’ సిరీస్ వదిలేశాను, ఎందుకంటే అలాంటిది లేదు. బాబాయ్ స్క్రీను వదిలేశాడు, టైర్ల మీద ఇంకా ఆశ ఉంది ఆయనకి. రోడ్డు మీదకి తేవాలంటే ఫిట్‌నెస్, రిజిస్ట్రేషన్ అన్నీ చేయించాలి, అది తర్వాతి మాట. ముందు మా పొలం గట్టు వరకు.

మొన్న ఆదివారం మేస్త్రిగారు కొలతలు తీసుకుంటుంటే, నాన్న మొదటిసారి కొట్టంలోపలికి వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక బల్ల మీద చెయ్యి వేశాడు, ఆ ఎడం చెయ్యే.

“మేస్త్రీ, ఈ అతుకు కోసేయ్. బల్లలు రెండూ పీకేయ్. ముందు రెండు సీట్లు, బెల్టులు, పైన కమ్మీ. వెనక సరుకు మటుకే, మనిషి ఎక్కకూడదు.”

మేస్త్రిగారు చెవి మీద పెన్సిల్ తీసి, చాసిస్ మీద గీత గీశారు.

బల్లలు ఇప్పుడు మా అరుగు మీద ఉన్నాయి. నాయనమ్మ వాటి మీద ఒడియాలు ఆరబెట్టింది.

మీ ఇంట్లో ఇలాంటి బండి ఉంటే, దాని ఆర్సీ ఒకసారి తీసి చదవండి. ఏ గడిలో ఏం కొట్టేసి ఏం రాశారో నాకు చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.